చప్పుడు ముందొచ్చింది, మాట తర్వాత వచ్చింది

పోలార్ ప్రిన్స్ ఓడలో కంప్యూటర్ తెర ముందు కూర్చున్న వెండీ రష్‌కు ఏదో చప్పుడు వినిపించింది. ఎవరో తలుపు గట్టిగా వేసినట్టుంది. ఏమిటా శబ్దమని ఆమె పక్కనున్నవాళ్లను అడిగారు. కొన్ని సెకన్లకే తెర మీద ఒక పొట్టి సందేశం కనిపించింది. ఆమె భర్త స్టాక్టన్ రష్ నడుపుతున్న టైటాన్ అనే నీటి అడుగు పడవ నుంచి వచ్చిందది. రెండు బరువులు వదిలామని దాని సారాంశం. అంటే అడుగు దగ్గర పడింది, దిగే వేగం తగ్గించుకుంటున్నారు. అంతా సవ్యంగానే ఉందనుకున్నారు ఓడలోని వాళ్లు.

అది 2023 జూన్ 18, ఆదివారం. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరానికి 600 కిలోమీటర్లకు పైగా దూరంలో, ఉత్తర అట్లాంటిక్ నడిమధ్య. కింద 3,800 మీటర్ల లోతున టైటానిక్ శకలాలు ఉన్నాయి. వాటిని చూపించడానికి నలుగురిని వెంటబెట్టుకుని రష్ కిందికి దిగారు. ఆ నలుగురిలో టైటానిక్ దగ్గరికి అప్పటికే ముప్పైకి పైగా సార్లు వెళ్లొచ్చిన ఫ్రెంచ్ నావికుడు పాల్ ఆన్రీ నార్జొలే ఉన్నారు. 19 ఏళ్ల కుర్రాడొకడు తండ్రితో కలిసి వచ్చాడు.

ఆ చప్పుడు టైటాన్ నలిగిపోయినప్పటిదేనని అమెరికా కోస్ట్ గార్డ్ దర్యాప్తులో తర్వాత తేలింది. సందేశం దానికన్నా ముందే బయలుదేరింది. నీటి గుండా వచ్చే సంకేతాన్ని పట్టుకుని, విడదీసి, అక్షరాలుగా మార్చడానికి యంత్రానికి కాసేపు పడుతుంది. పేలుడు చప్పుడుకు ఆ జంజాటం లేదు. మూడు కిలోమీటర్ల పైచిలుకు దూరాన్ని రెండు సెకన్లలో దాటి ఓడ అడుగును తాకింది. మెరుపు కన్నా ఉరుమే ముందొచ్చినట్టయింది. పోయినవాళ్ల మాట వాళ్లు పోయిన తర్వాత చేరింది. దాన్ని చదివినవాళ్లు వాళ్లు బతికే ఉన్నారనుకున్నారు.

ఆ తర్వాత నాలుగు రోజులు ప్రపంచమంతా ఆక్సిజన్ లెక్కలు వేసుకుంటూ కూర్చుంది. టైటాన్‌లో ఐదుగురికి 96 గంటలకు సరిపడా గాలి ఉందని చెప్పడంతో టీవీ తెరల మీద గంటలు తగ్గుతూ కనిపించాయి. ఇంత సాంకేతికత ఉండి వ్యాను పొడవున్న పడవను కనిపెట్టలేరా అని చాలామంది అడిగారు. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. దానికి జవాబు దొరకాలంటే నీళ్లలోకి దిగాలి.

రేడియో ఆగిపోయే చోటు

నేల మీద మనిషి తప్పిపోతే సెల్‌ఫోన్ టవర్ జాడ చెబుతుంది. కొండల్లో విమానం కూలితే ఉపగ్రహం పట్టిస్తుంది. సముద్రంలో ఈ రెండూ పనికిరావు. ఉప్పునీరు రేడియో తరంగాలను తాగేస్తుంది. జీపీఎస్ సంకేతం పై పొర దాటి కిందికి దిగదు. నౌకాదళాలు జలాంతర్గాములతో మాట్లాడేందుకు వాడే ప్రత్యేక తరంగాలు కూడా కొన్ని పదుల నుంచి కొన్ని వందల మీటర్ల దాకానే వెళ్తాయి. వెలుతురు పరిస్థితీ అంతే. 200 మీటర్లు దాటితే మసక చీకటి, వెయ్యి దాటితే కటిక చీకటి. రోబోకు ఎంత పెద్ద దీపాలు కట్టినా పది పదిహేను మీటర్ల అవతల ఏముందో కనబడదు. అర్ధరాత్రి అడవిలో అగ్గిపుల్ల పట్టుకుని వెతకడం లాంటిది ఆ పని.

ఇక మిగిలింది శబ్దం. గాలిలో కన్నా నీటిలో అది నాలుగు రెట్లకు పైగా వేగంగా, సెకనుకు సుమారు ఒకటిన్నర కిలోమీటర్లు పోతుంది. అందుకే సముద్రంలో చూడడమంటే వినడమే. అయితే ఈ చెవికీ భ్రమలున్నాయి. ఎండకు వేడెక్కిన పై నీరు, దాని కింద చల్లటి నీరు కలిసే చోట శబ్దం దారి వంచుకుంటుంది. వేసవిలో తారురోడ్డు మీద నీళ్లు నిలిచినట్టు కనిపించడానికి ఏ కారణమో, ఇక్కడ శబ్దం దారి తప్పడానికీ అదే కారణం. కొన్ని చోట్ల అసలు శబ్దమే చేరని నీడలు ఏర్పడతాయి. మరికొన్ని లోతుల్లో శబ్దం గొట్టంలో పోసినట్టు వేల కిలోమీటర్లు వెళ్లిపోతుంది. కొద్ది దూరంలో కొట్టిన దెబ్బ వినబడకపోవచ్చు. మరో మహాసముద్రంలో జరిగిన పేలుడు వినబడవచ్చు.

శబ్దంతో బొమ్మ గీసే పరికరం సోనార్. దానితోనూ ఒక చిక్కుంది. సన్నని స్థాయి శబ్దంతో గీస్తే బొమ్మ స్పష్టంగా వస్తుంది, కానీ కొద్ది దూరమే కనబడుతుంది. బొంగురు శబ్దం ఎంతో దూరం పోతుంది కానీ, దానికి బండరాయీ పడవా ఒకేలా కనబడతాయి. ఓడ పైనుంచి నాలుగు కిలోమీటర్ల కిందికి సోనార్ పంపిస్తే అక్కడున్న చిన్న వస్తువు తేలదు. కాబట్టి సోనార్‌నే పొడవాటి కేబుల్ చివర కట్టి అడుగు దాకా దించాలి. అప్పుడు ఓడ మనిషి నడిచే వేగంతో కదలాలి. ఒక వరస పూర్తయ్యాక వెనక్కి తిరగడానికే గంటలు పట్టొచ్చు. పొలం దున్నినట్టు చాలు పక్కన చాలు వేస్తూ పోవాలి. ప్రపంచ సముద్రాల అడుగు భాగంలో ఈనాటికి సరైన పటం ఉన్నది నాలుగో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే. వెతికేవాళ్లకు కింద కొండ ఉందో లోయ ఉందో కూడా ముందుగా తెలియని చోట్లే ఎక్కువ.

వీటన్నిటి మీదా ఒత్తిడి. ప్రతి పది మీటర్లకూ ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. టైటానిక్ దగ్గర బొటనవేలి గోరంత జాగా మీద దాదాపు 390 కిలోల బరువు ఉంటుంది. అక్కడికి ఈతగాడు దిగలేడు. నౌకాదళ జలాంతర్గాములు కూడా దిగలేవు, వాటి హద్దు కొన్ని వందల మీటర్లే. నాలుగు వేల మీటర్లకు దిగగల యంత్రాలు లోకం మొత్తం మీద తక్కువే. అవి ఎప్పుడూ మరెక్కడో, మరో పనిలో ఉంటాయి.

మూడు చోట్లా వెతకాలి

టైటాన్ నుంచి సంకేతాలు ఆగింది దిగిన గంటన్నర పైచిలుకు తర్వాత. కోస్ట్ గార్డ్‌కు ఆ కబురు చేరేసరికి దాదాపు ఎనిమిది గంటలు గడిచాయి. అంతకుముందు యాత్రల్లోనూ సంబంధాలు తెగి మళ్లీ కలిసిన సందర్భాలున్నాయి. వచ్చే వేళకు వస్తారులే అని ఎదురుచూశారు. మామూలుగా జరిగే తప్పుకు అలవాటుపడితే అసలు ప్రమాదం కూడా మామూలుగానే కనబడుతుంది. ఏ వృత్తిలోనైనా ఇదే గండం.

వెతకడం మొదలయ్యాక మొదటి ప్రశ్న, అది ఎక్కడున్నట్టు? అడుగున కూర్చుందా, మధ్యలో తేలుతోందా, పైకి వచ్చేసిందా? టైటాన్‌కు బరువులు వదిలే ఏర్పాట్లు చాలా ఉన్నాయి. లోపలివాళ్లు స్పృహ తప్పినా కొన్ని గంటలకు ఉప్పునీటిలో కరిగిపోయి బరువులను జారవిడిచే కొక్కేలు కూడా ఉన్నాయి. కాబట్టి అది పైకి తేలి ఉండే అవకాశం గట్టిదే. తేలినా చిక్కే. తెల్లరంగు పడవ, చుట్టూ తెల్లటి అలల నురుగు. పైగా దాని మూత బయటినుంచి బోల్టులతో బిగించింది. పైకి వచ్చినా లోపలివాళ్లు తలుపు తీసుకోలేరు. గాలి అయిపోయేలోగా ఎవరో ఒకరు చూసి, వచ్చి, విప్పాలి.

అందుకని విమానాలు పైనుంచి నీటిని గాలించాయి. కెనడా పీ-3 విమానాలు సోనోబోయ్‌లు జారవిడిచాయి. ఇవి నీటిలో మైకులు వేలాడదీసుకుని తేలే గొట్టాలు, విన్నదాన్ని విమానానికి రేడియోలో పంపుతాయి. వెతుకులాట విస్తీర్ణం పెరిగి పెరిగి దాదాపు 26 వేల చదరపు కిలోమీటర్లకు చేరింది. ఉమ్మడి రాష్ట్రంలోకెల్లా పెద్దదైన పాత అనంతపురం జిల్లా 19 వేల చిల్లర. అంతకన్నా పెద్ద నేల మీద, నాలుగు కిలోమీటర్ల మందాన నీళ్లు నింపి, అందులో ఏడు మీటర్ల పొడవు కూడా లేని గొట్టాన్ని పట్టుకోమన్నట్టు.

మంగళవారం సోనోబోయ్‌లకు చప్పుళ్లు వినిపించాయి. బుధవారం మళ్లీ. అరగంటకోసారి ఎవరో కొడుతున్నట్టుందన్న వార్త క్షణాల్లో లోకమంతా పాకింది. జలాంతర్గామిలో చిక్కుకున్నవాళ్లు గోడ మీద దెబ్బలు కొట్టి సంకేతాలివ్వడం నావికుల పాత పద్ధతి. బతికే ఉన్నారన్న ఆశ పుట్టింది. ఓడలూ రోబోలూ అటు మళ్లాయి. అక్కడేమీ దొరకలేదు. సముద్రంలో నిశ్శబ్దం ఉండదు. తిమింగిలాలు, ఓడల ప్రొపెల్లర్లు, అలలు, సాయానికి వచ్చిన పడవల ఇంజన్లు అన్నీ రొద చేస్తూనే ఉంటాయి. ఎవరో పిలుస్తున్నారని నమ్మిన చెవికి ఆ రొదలోనూ పిలుపే వినబడుతుంది. ఆ చప్పుళ్లకూ టైటాన్‌కూ సంబంధం లేదు.

మరోవైపు అమెరికా నౌకాదళం రహస్య మైకులు ఆదివారమే ఒక శబ్దాన్ని పట్టాయి. పడవ నలిగిపోతే ఎలా ఉంటుందో అలాంటి శబ్దం. ఆ మాట వెతుకులాట నడిపే అధికారులకు చేరింది కూడా. అయినా ఆపలేదు. ఆ శబ్దం రుజువు కాదు, ఒక అనుమానం. లోపల మనుషులు ఉండే అవకాశం నూటికి ఒక్క వంతున్నా పిలుపును అందుకోవాల్సిందేనన్నది సముద్రం మీద బతికేవాళ్ల నీతి. నౌకాదళం ఆ మాట ముందే బయటపెట్టి ఉంటే నాలుగు రోజుల వ్యర్థ ప్రయాస తప్పేది కదా అన్న విమర్శ తర్వాత వచ్చింది. అది అన్యాయమైన విమర్శ. ఆ నిర్ణయం తీసుకున్నవాళ్ల స్థానంలో నిలబడి, ఐదు కుటుంబాలకు ఫోన్ చేసి, ఒక చప్పుడు విన్నాం, ఇక వెతకం అని చెప్పగలిగేవాళ్లెవరు?

ముందుగా చేరిన ఓడల్లోని రోబోలకు అంత లోతు దిగే సత్తా లేదు. పైపులు వేసే డీప్ ఎనర్జీ అనే ఓడ రోబోల హద్దు మూడు వేల మీటర్లు. ఫ్రాన్స్ వారి విక్టర్ 6000 రోబోను మోసుకుని అటలాంట్ ఓడ బయలుదేరింది. దానికి రెండు రోజుల ప్రయాణం. అమెరికాలోని బఫెలో నుంచి ఒడిస్సియస్ అనే రోబోను సైనిక రవాణా విమానాల్లో సెయింట్ జాన్స్‌కు తెచ్చారు. అక్కడ హొరైజన్ ఆర్కిటిక్ ఓడ మీద బిగించారు. ఆ ఓడ మళ్లీ 600 కిలోమీటర్లు పోవాలి. పడవ దొరికితే పైకి లాగడానికి నౌకాదళం పంపిన భారీ వించీని డెక్కుకు వెల్డింగ్ చేయడానికే ఒక రోజు పడుతుందన్నారు. గాలి లెక్క గంటల్లో, యంత్రాల లెక్క రోజుల్లో.

గురువారం, జూన్ 22 ఉదయం, ఒడిస్సియస్ అడుగుకు చేరింది. కాసేపటికే దాని దీపాల వెలుతురులో టైటాన్ తోక భాగం కనిపించింది. టైటానిక్ ముందు భాగానికి అర కిలోమీటరు కన్నా తక్కువ దూరంలో. వెళ్లాల్సిన చోటికి దగ్గరలోనే ఉంది. సరైన యంత్రం సరైన చోటికి చేరాక వెతుకులాట రెండు గంటల పని కూడా కాలేదు. అంతకుముందు నాలుగు రోజులూ పోయింది ఆ యంత్రాన్ని అక్కడికి చేర్చడంలోనే.

పన్నెండు నిమిషాల గాలి

ఈ కథలన్నీ ఇలాగే ముగియవు. 1973 ఆగస్టు 29న ఐర్లాండ్‌కు నైరుతి దిక్కున సముద్రంలో టెలిఫోన్ కేబుల్ పని ముగించుకుని పైకి వచ్చిన పైసీస్-3 అనే చిన్న పడవను ఓడ మీదికి లాగుతున్నారు. తాడు తగులుకుని వెనక గది మూత ఊడింది. నీళ్లు నిండి, పడవ తలకిందులై, 480 మీటర్ల లోతుకు జారి అడుగు తాకింది. లోపల ఇద్దరు బ్రిటిష్‌వాళ్లు, రోజర్ చాప్‌మన్, రోజర్ మాలిన్సన్. ఆరడుగుల గోళం. తినడానికి ఒక శాండ్‌విచ్, తాగడానికి ఒక డబ్బా నిమ్మరసం.

మాలిన్సన్ ఆ రోజు దిగేముందే ఆక్సిజన్ సిలిండర్ మార్చి నిండుది పెట్టుకున్నాడు. పాతది ఆ ప్రయాణానికి సరిపోయేదే, అయినా మార్చాడు. మునిగాక ఇద్దరూ కదలకుండా పడుకున్నారు, మాటలు తగ్గించారు. మాట్లాడితే గాలి ఖర్చు. అన్నిటికన్నా ముఖ్యం, నీటి అడుగు ఫోను పనిచేస్తోంది. వాళ్లు బతికే ఉన్నారని పైవాళ్లకు తెలుసు, ఎక్కడున్నారో సుమారుగా తెలుసు. అయినా పైసీస్-5 వాళ్లను చేరడానికి ఎంతో సేపు ఆ చీకట్లో తిరగాల్సి వచ్చింది. మొదటి తాళ్లు నిలవలేదు. సాయానికి వచ్చిన పైసీస్-2 మొదటి ప్రయత్నంలో పాడై వెనక్కి వచ్చింది. చివరికి అది, అమెరికా రోబో కర్వ్-3 కలిసి తాళ్లు తగిలించి, సెప్టెంబరు 1న పైకి లాగాయి. మూత తీసేసరికి 76 గంటలు దాటింది. లోపల ఇంకా 12 నిమిషాల గాలి ఉందన్నది లెక్క.

టైటాన్‌నూ దీన్నీ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. పైసీస్-3కి లోతు తక్కువ, కవచం గట్టిది. దానితో పాటు అదే కుటుంబానికి చెందిన పడవలు మరో రెండు ఉన్నాయి, ఫోను ఉంది, అడుగు తెలిసిన సముద్రం ఉంది. టైటాన్‌కు మాటల ఫోను లేదు, చిన్న చిన్న రాతలే. అంత లోతుకు దిగి చేయి అందించే మరో పడవ ఆ ఓడ మీద లేదు. కార్బన్ ఫైబర్‌తో చేసిన దాని గొట్టాన్ని ఏ ధ్రువీకరణ సంస్థా పరీక్షించి ముద్ర వేయలేదు. నివారించగలిగిన ప్రమాదమని 2025 ఆగస్టులో కోస్ట్ గార్డ్ తన నివేదికలో స్పష్టంగా రాసింది. నలిగిపోయిన పడవను ఏ సహాయక బృందమూ కాపాడలేదు. కానీ అది నలిగిందో చిక్కుకుందో తెలియక నాలుగు రోజులు నలిగిన కుటుంబాలకు ఆ వేదన తప్పించగలిగేది. నలిగిన క్షణాన్ని చెప్పే సొంత బీకన్ ఒకటి పైకి తేలేలా పెట్టి ఉంటే చాలు.

జాలరి వేలు చూపిన చోటు

ఎక్కడ వెతకాలో చెప్పేది ఒక్కోసారి యంత్రం కాదు, మనిషి. 1966 జనవరి 17న స్పెయిన్ తీరంలోని పాలోమారెస్ ఊరి మీద ఆకాశంలో అమెరికా బాంబర్, దానికి ఇంధనం అందిస్తున్న విమానం ఢీకొన్నాయి. బాంబర్‌లోని నాలుగు హైడ్రోజన్ బాంబుల్లో మూడు నేల మీద పడ్డాయి, నాలుగోది సముద్రంలోకి. అమెరికా నౌకాదళం గణిత నిపుణులను దించింది. పడే అవకాశం ఎక్కడెంతో లెక్కగట్టి గడులు గీశారు. ఫ్రాన్సిస్కో సిమో అనే జాలరి మాత్రం, పారాచూట్‌తో ఏదో మునగడం నేను చూశాను, ఫలానా చోట అని వేలు చూపాడు. అతన్ని నమ్మడానికి కొంత సమయం పట్టింది. తీరం గుర్తులు పట్టుకుని వల వేసే మనిషికి తాను నిలబడిన చోటు మరిచిపోవడం ఉండదు. రెండు నెలలకు ఆల్విన్ అనే చిన్న పడవ అతను చూపిన వైపే బాంబును కనిపెట్టింది.

విశాఖ సముద్రంలోనూ ఇలాంటి సంగతే. 1971 డిసెంబరు 3-4 మధ్య రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ విశాఖ తీరంలో పేలి మునిగింది. అది ఎక్కడ మునిగిందో వెతికేవాళ్లకు మొదటి ఆనవాళ్లు మత్స్యకారులు తెచ్చిచ్చిన వస్తువులే. ఉపగ్రహాల కాలంలోనూ తీరప్రాంత గాలింపులో మొదట అడగాల్సింది రేవులోని వేటగాళ్లనే.

జాలరి కళ్లు లేని నడిసముద్రంలో ఏం చేయాలి? 1968 మేలో అమెరికా అణు జలాంతర్గామి స్కార్పియన్ 99 మందితో అట్లాంటిక్‌లో మాయమైంది. జాన్ క్రేవెన్ అనే శాస్త్రవేత్త దూరపు మైకులు పట్టిన శబ్దాలను ముందేసుకున్నాడు. ఏ క్రమంలో ఏం జరిగి ఉంటుందన్న కథలన్నీ రాసుకున్నాడు. నిపుణులను ఒక్కో కథ మీద పందెం కాయమన్నాడు. ఆ పందేలను కలిపి సముద్రం పటం మీద ఎక్కడ ఎంత అవకాశమో గీశాడు. ఒక చోట వెతికి దొరక్కపోతే అక్కడి అవకాశం తగ్గుతుంది, మిగతా చోట్ల పెరుగుతుంది. మళ్లీ లెక్క. అక్టోబరు చివర్లో మైజార్ ఓడ స్కార్పియన్‌ను మూడు వేల మీటర్ల లోతున, క్రేవెన్ గీసిన చోటికి దగ్గర్లోనే కనిపెట్టింది. ఇది గణితమే, కానీ ఇంట్లో తాళంచెవి పోతే అమ్మ చేసేదీ ఇదే. చివరిసారి ఎక్కడ పెట్టావు, అక్కడ లేకపోతే ఎక్కడికి వెళ్లావు అని అడుగుతూ ఒక్కో గదినీ కొట్టేస్తుంది. దొరకకపోవడం కూడా ఒక సమాచారమేనన్న ఈ ఆలోచనే తర్వాత ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానాన్ని రెండేళ్లకు, 3,900 మీటర్ల లోతున పట్టిచ్చింది.

టైటానిక్ దొరకడం వెనకా ఒక మునిగిన జలాంతర్గామి పాఠం ఉంది. సముద్ర శోధకుడు రాబర్ట్ బల్లార్డ్‌కు అమెరికా నౌకాదళం డబ్బిచ్చింది స్కార్పియన్, థ్రెషర్ జలాంతర్గాముల శిథిలాలను రహస్యంగా పరిశీలించమని. అక్కడ ఆయన గమనించింది ఒకటే. మునిగే వస్తువు ఒక్కచోట పడదు. బరువైనవి నిట్టనిలువునా దిగుతాయి, తేలికైనవి ప్రవాహంలో కొట్టుకుపోయి పొడవాటి చారగా పరుచుకుంటాయి. తూర్పార పట్టినప్పుడు గింజ దగ్గరా పొట్టు దూరంగా పడ్డట్టు. కాబట్టి ఓడ కోసం కాదు, ఆ చార కోసం వెతకాలి. మిగిలిన కొద్ది రోజుల్లో ఫ్రెంచ్ బృందంతో కలిసి అదే చేశాడు. 1985 సెప్టెంబరు 1న కెమెరాకు ముందు బాయిలర్ కనిపించింది, తర్వాత ఓడ.

ఏడాది పట్టిన పిలుపు

2017 నవంబరు 15న అర్జెంటీనా జలాంతర్గామి సాన్ హువాన్ 44 మందితో మాయమైంది. కొన్ని రోజులకు ఉపగ్రహ ఫోన్ పిలుపులు వచ్చాయన్నారు, అవి దానివి కావు. సుత్తి దెబ్బల్లాంటి శబ్దాలన్నారు, అవీ కావు. అసలు శబ్దాన్ని పట్టింది ఎవరూ ఊహించని చెవి. అణుపరీక్షలను కనిపెట్టడానికి సముద్రాల్లో పెట్టిన అంతర్జాతీయ మైకులు. వేల కిలోమీటర్ల దూరంలోని అసెన్షన్, క్రోజే దీవుల దగ్గరున్నవి ఆ రోజు ఉదయం ఒక పేలుడు విన్నాయి. అయినా కచ్చితమైన చోటు పట్టుకోవడానికి ఏడాది పట్టింది. ఓషన్ ఇన్ఫినిటీ కంపెనీ స్వయంచాలక పడవలు 907 మీటర్ల లోతున, అడుగులోని లోయల మధ్య దాన్ని చూశాయి. అదే కంపెనీ ఓడ, 1968లో తూలోన్ దగ్గర 52 మందితో పోయిన ఫ్రెంచ్ జలాంతర్గామి మినెర్వ్‌ను 2019లో కనిపెట్టింది. అప్పటికి 51 ఏళ్లు.

2021 ఏప్రిల్ 21న ఇండోనేషియా జలాంతర్గామి నంగ్గాలా 53 మందితో బాలి దగ్గర తప్పిపోయింది. మర్నాడే విశాఖ నుంచి భారత నౌకాదళ గహనజల సహాయక నౌక బయలుదేరింది. జలాంతర్గామికి అతుక్కుని లోపలివాళ్లను బయటికి తీసుకొచ్చే ఇలాంటి నౌకలు మనకు రెండే. ఒకటి ముంబయిలో, ఒకటి విశాఖలో. 650 మీటర్ల దాకా వెళ్లగలవు. ఇండోనేషియా చెప్పిన గాలి లెక్క 72 గంటలు. ఓడ సముద్రం దాటుతుండగానే, 25న నంగ్గాలా 838 మీటర్ల లోతున మూడు ముక్కలై కనిపించింది. ఆ నౌక వెనుదిరిగింది. చేరినా ఆ లోతుకు దిగగలిగేది కాదు. అయినా మర్నాడే లంగరెత్తడం సరైన పని. 2025 జులైలో హిందుస్తాన్ షిప్‌యార్డు కట్టిన కొత్త నిస్తార్ విశాఖలోనే నౌకాదళంలో చేరింది. సహాయక పడవను మోసుకెళ్లడానికి, లోతు ఈతగాళ్లను దించడానికి ఇది తల్లి ఓడ. గాజీ మీదికి ఈతగాళ్లను దించిన ఓడ పేరు కూడా నిస్తారే.

నీటిపై తేలే వస్తువు ఎటు కొట్టుకుపోతుందో చెప్పే సాయం హైదరాబాద్‌లో ఉంది. అక్కడి ఇన్‌కాయిస్ సంస్థ తయారుచేసిన సరాట్ అనే కార్యక్రమం గాలి, ప్రవాహాల లెక్కతో తప్పిపోయిన మనిషి, పడవ ఏ దిక్కున ఉండవచ్చో పటం గీస్తుంది. అయితే అది పై నీటి సంగతి. అడుగున పడ్డదాన్ని అది చూపలేదు.

అలా దొరకకపోవడంలోని బాధ విశాఖ ఇళ్లకు తెలుసు. 2016 జులై 22న చెన్నై తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు బయలుదేరిన వాయుసేన ఏఎన్-32 విమానం 29 మందితో బంగాళాఖాతంలో మాయమైంది. వాళ్లలో ఎనిమిది మంది విశాఖ నౌకాదళ ఆయుధాగారం ఉద్యోగులు. ఓడలు, విమానాలు, పరిశోధక నౌకలు నెలల పాటు గాలించాయి, ఏమీ దొరకలేదు. చనిపోయినట్టు భావించాలని కాగితం అందింది. ఏడున్నరేళ్లు గడిచాక, చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్‌ఐఓటీ) స్వయంచాలక పడవ ఒకటి సోనార్‌తో అడుగును గాలిస్తుండగా ఆ విమానం భాగాలు ఫొటోల్లో కనిపించాయి. చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున. ఆ చుట్టుపక్కల మరే విమానమూ పడ్డ దాఖలా లేదు. 2024 జనవరిలో ఆ సంగతి ప్రకటించారు.

అదే సంస్థ ఇప్పుడు ముగ్గురిని ఆరు వేల మీటర్ల లోతుకు దించే మత్స్య 6000 పడవను తయారుచేస్తోంది. 2.1 మీటర్ల టైటానియం గోళం. మామూలుగా 12 గంటలు, ఆపదలో 96 గంటలు గాలి. టైటాన్‌కు చెప్పిన అంకె కూడా 96. 2025 ఆగస్టులో ఇద్దరు భారతీయులు ఫ్రాన్స్ వారి నాటీల్ పడవలో నాలుగు వేలు, ఐదు వేల మీటర్ల లోతుకు దిగి వచ్చారు. మన పడవలో దిగబోయేముందు అక్కడి చీకటి, అక్కడి పద్ధతులు నేర్చుకోవడానికి.

ఆ ఏడాది జనవరి, ఫిబ్రవరి నెలల్లో మత్స్యను చెన్నైకి ఉత్తరాన కాట్టుపల్లి రేవులో మొదటిసారి నీటిలో దించి పరీక్షించారు. మనుషులు లోపల కూర్చుని దిగారు, తేలారు, మళ్లీ దిగారు. బ్యాటరీలు, ప్రొపెల్లర్లు, ప్రాణవాయువు ఏర్పాట్లు చూసుకున్నారు. ఒకటి మాత్రం అనుకున్నంత సాగలేదు. రేవులో నీళ్లు లోతు లేవు. ఆ లోతు తక్కువ నీళ్లలో నీటి అడుగు ఫోనులో మాట సరిగా పోలేదు. మరింత లోతైన నీటిలో దాన్ని మళ్లీ పరీక్షించాలని ఇంజినీర్లు రాసుకున్నారు.